పాత మియాటా నడుస్తూ నడుస్తూ ఆగిపోతోందా, వింత శబ్దాలు చేస్తోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ చెప్పేదంతా మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5 మియాటా గురించి. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో బయటపెట్టి, 1990 మోడల్‌గా అమెరికాలో అమ్మి, 1997 దాకా తయారుచేసిన బండి, హెడ్‌లైట్లు పైకి లేచేది. 1993 వరకు 1.6 లీటర్ల ఇంజిన్, 1994 నుంచి 1.8. మన దేశంలో మాజ్డా ఈ బండిని అమ్మలేదు, కాబట్టి అమెరికాలో ఉంటూ వారాంతాల్లో సరదాగా తిప్పుకోవడానికి పాతది కొనుక్కున్న మన తెలుగువాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

అన్నా, బండి ఆగిపోతోంది. ముందు ఏ పార్టు మార్చాలి?

ఏదీ మార్చొద్దు. నిజంగా చెప్తున్నా, ఈ బండ్ల విషయంలో డబ్బు ఎక్కువగా తగలేసేది జబ్బు కాదు, జబ్బేమిటో తేలకముందే కొనేసే సెన్సర్లు. ఇంటర్నెట్‌లో ఎవరో ఇది మార్చండి అంటారు, ఇంకొకరు అది మార్చండి అంటారు, రెండు నెలల్లో మూడు నాలుగు వందల డాలర్లు పోయాక చూస్తే అసలు కారణం పగిలిన రబ్బరు గొట్టం.

ముందు ఫోన్‌లో రాసుకోండి: ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆగిందా, వేడెక్కాక ఆగిందా? కదులుతున్నప్పుడా, సిగ్నల్ దగ్గరా? క్లచ్ మీద కాలుందా? ఏసీ, రేడియేటర్ ఫ్యాన్, హెడ్‌లైట్లు ఆన్‌లో ఉన్నాయా? వెంటనే స్టార్ట్ అయిందా, కాసేపు ఆగాల్సి వచ్చిందా? ఆగే ముందు దగ్గినట్టు తడబడిందా, స్విచ్ ఆపినట్టు ఒక్కసారిగా పోయిందా? ఈ చివరి ప్రశ్నకు జవాబు తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఒక్కసారిగా పోతే ముందు కరెంటు వైపు చూడాలి, తడబడి తడబడి పోతే గాలి లేదా పెట్రోలు వైపు చూడాలి.

సిగ్నల్ దగ్గరికి వస్తూ క్లచ్ నొక్కగానే ఆర్‌పీఎం కిందికి పడి ఇంజిన్ ఆగిపోతోంది. మళ్లీ కీ తిప్పితే వెంటనే స్టార్ట్ అవుతోంది. ఇదేంటి?

అందరూ ఎక్కువగా అడిగేది ఇదే. క్లచ్ నొక్కగానే ఆర్‌పీఎం 3000 నుంచి గబగబా కిందికి వస్తుంది, దాన్ని 850 దగ్గర పట్టుకోవాల్సిన ఏర్పాటు ఏదో ఆలస్యం చేస్తోంది, లేదా అసలు చేయడం లేదు.

మొదట అనుమానించాల్సింది థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి ఎంత గాలి పోవాలో అదుపుచేసే భాగం) కింద ఉండే ఐడిల్ వాల్వు. ఐడిల్ అంటే యాక్సిలరేటర్ వదిలేశాక ఇంజిన్ ఆగకుండా తిరిగే వేగం. ముప్పై ఏళ్ల మసి పట్టి అది చురుగ్గా కదలదు. ఇంజిన్ బాగా వేడెక్కాక, ఐడ్లింగ్‌లో ఉండగా దాని కనెక్టర్ పీకి చూడండి. ఆర్‌పీఎం కొంచెం పడిపోవాలి. ఏ మార్పూ లేదంటే వాల్వు పనిచేయనట్టే, లేదా అసలు దానికి కరెంటు రానట్టే. థ్రాటిల్ బాడీ విప్పి క్లీనర్‌తో కడిగితే చాలా బండ్లు దారికొస్తాయి.

రెండోది, యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేశారని కంప్యూటర్‌కి చెప్పే థ్రాటిల్ స్విచ్. దాని సెట్టింగ్ వెంట్రుకవాసి తప్పినా, మీరు కాలు తీసేసిన సంగతి కంప్యూటర్‌కి తెలియదు, ఐడిల్‌ని పట్టుకునే పని మొదలే పెట్టదు. మల్టీమీటర్ ఉంటే మాన్యువల్‌లో చెప్పినట్టు ఐదు నిమిషాల్లో చూసేయొచ్చు.

ఇక మూడోది, పాత ఓనర్ చేసిన చేతిపని. థ్రాటిల్ ప్లేటును ఆపే స్క్రూని తిప్పి ఐడిల్ పెంచాలని చూసి ఉంటారు. ఆ స్క్రూ ముట్టుకోకూడదు. ఐడిల్ సరిచేయాల్సింది థ్రాటిల్ బాడీ పైన చిన్న మూత కింద ఉండే ఎయిర్ స్క్రూతో. అదీ ఇంజిన్ వేడిగా ఉండి, ఫ్యాన్, ఏసీ, లైట్లు అన్నీ ఆఫ్‌లో ఉండి, డయాగ్నోసిస్ బాక్స్‌లో (పరీక్షల కోసం పెట్టిన చిన్న పెట్టె) టీఈఎన్, జీఎన్‌డీ అనే రెండు పిన్నులూ వైరుతో కలిపినప్పుడు మాత్రమే. 850కి యాభై అటూ ఇటూ ఉండాలి. వైరు కలపకుండా తిప్పితే మీరు ఒకవైపు తిప్పుతుంటే కంప్యూటర్ రెండోవైపు సర్దేస్తుంటుంది, లెక్క ఎప్పటికీ కుదరదు.

తేలికపాటి ఫ్లైవీల్ (ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) వేసిన బండి అయితే ఆర్‌పీఎం మరీ వేగంగా పడుతుంది. కొనేటప్పుడే అడిగి తెలుసుకోండి.

ఎయిర్ ఎక్కడో లాగుతోందని మెకానిక్ అన్నాడు. అదెలా కనుక్కోవాలి?

1.6 ఇంజిన్‌లో లోపలికి వెళ్లే గాలిని ఒక తలుపులాంటి రేకు కొలుస్తుంది. గాలి ఆ తలుపును ఎంత నెడితే అంత పెట్రోలు. 1.8లో తలుపు బదులు వేడి తీగ ఉంటుంది. ఏదైనా సరే, ఆ మీటర్ దాటాక పగుళ్లలోంచి దొంగచాటుగా దూరిన గాలి లెక్కలోకి రాదు, పెట్రోలు తక్కువై ఇంజిన్ తడబడుతుంది.

మొట్టమొదట ఎయిర్ మీటర్ నుంచి ఇంజిన్ ముందుగా అడ్డంగా వెళ్లే లావు గొట్టం చూడండి. దానికి ముడతలు ముడతలుగా ఉండే రబ్బరు భాగం ఉంది కదా, పైనుంచి చూస్తే అది బ్రహ్మాండంగా ఉంటుంది. చేత్తో పట్టుకుని ముడతల్ని విప్పదీసి అడుగు వైపు చూడాలి, వీలైతే చిన్న అద్దం పెట్టి. పగులు ముడత లోపలి గీత వెంబడే ఉంటుంది. బండి నిలబడి ఉన్నప్పుడు అది మూసుకునే ఉంటుంది, మీరు గేరు వేసి కదిలించగానే ఇంజిన్ తన మౌంట్ల మీద పక్కకు ఒరుగుతుంది చూడండి, అప్పుడు నోరు తెరుస్తుంది. అందుకే ఇంటి దగ్గర నిలబెట్టి చూస్తే ఏ తేడా కనిపించదు, రోడ్డెక్కితే మాత్రం ఆగుతుంది.

ఇంకో తేలిక పరీక్ష ఉంది. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఆయిల్ డిప్‌స్టిక్ బయటికి లాగండి. ఐడిల్ తడబడాలి, కొన్ని బండ్లు ఆగిపోతాయి కూడా. అలా జరిగితే మంచిదే, అంటే మిగతా దారులన్నీ బిగుతుగా ఉన్నాయని. లాగినా ఏ మార్పూ లేదంటే ఇప్పటికే ఎక్కడో గాలి దూరుతోందని అనుమానించాలి. ఆయిల్ మూత సరిగ్గా బిగించకపోయినా, డిప్‌స్టిక్ రబ్బరు అరిగినా బండి ఆగడానికి కారణం కూడా ఇదే.

కార్బ్ క్లీనర్ చల్లి పరీక్షించే అలవాటు చాలామందికి ఉంది. వేడి సైలెన్సర్ మానిఫోల్డ్ పక్కన మండే ద్రవం చల్లడం నాకు అస్సలు ఇష్టం లేదు. పొగ పెట్టి చూసే మెషీన్ ఉన్న షాపులో చేయించండి, కచ్చితంగా తేలుతుంది.

హైవే మీద పోతూ పోతూ ఒక్కసారిగా ఆఫ్ అయింది. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు మీ ప్రాణం సంగతి. ఇంజిన్ పోగానే బ్రేకుకు బూస్టర్ సాయం ఒకటి రెండు నొక్కుళ్ల వరకే ఉంటుంది, పవర్ స్టీరింగ్ ఉన్న బండి అయితే స్టీరింగ్ బరువెక్కుతుంది. హజార్డ్ లైట్లు వేసి, బ్రేకు మాటిమాటికీ నొక్కి వదలకుండా ఒకే పట్టుగా నొక్కి పక్కకి రండి. కీ తీసేయొద్దు, స్టీరింగ్ లాక్ పడుతుంది.

ఇక కారణం. మళ్లీ ఇలా జరిగితే ఆ క్షణంలో ఒక్కటి గమనించండి. బండి ఇంకా గేరులో దొర్లుతోంది, క్లచ్ వదిలే ఉంది, అంటే చక్రాలు ఇంజిన్‌ని తిప్పుతూనే ఉన్నాయి. అప్పుడు ఆర్‌పీఎం ముల్లు ఏం చేస్తోంది? బండి వేగానికి తగ్గట్టు మెల్లగా దిగుతుంటే ఇగ్నిషన్ బతికే ఉంది, పెట్రోలు రావడం లేదు. ముల్లు ఠపీమని సున్నాకి పడితే ఇగ్నిషన్ సిగ్నలే పోయింది. ఆ ముల్లుకి సమాచారం ఇగ్నిషన్ వైపు నుంచే వస్తుంది కాబట్టి ఈ ఒక్క చూపుతో వెతకాల్సిన చోటు సగానికి తగ్గిపోతుంది.

సున్నాకి పడితే చూడాల్సినవి: బోనెట్ కింద ఫ్యూజ్ బాక్స్‌లోని మెయిన్ రిలే, ఇంజిన్ వెనకాల క్యామ్ (వాల్వుల్ని తెరిచే ఇరుసు) చివర ఉండే క్యామ్ యాంగిల్ సెన్సర్, దాని కనెక్టర్, 1.6 అయితే విడిగా ఉండే ఇగ్నైటర్ (స్పార్క్ కాయిల్‌ని ఆన్, ఆఫ్ చేసే పెట్టె). సెన్సర్ దగ్గరి రబ్బరు రింగు గట్టిపడి ఆయిల్ కారుతుంటుంది, ఆ ఆయిల్ హీటర్ గొట్టాల మీద, వైర్ల మీద పడి వాటినీ పాడుచేస్తుంది. రింగు ధర ఒక కాఫీ పాటి ఉండదు, చేయి దూర్చడమే కష్టం.

ముల్లు మెల్లగా దిగితే పెట్రోలు పంపు, దాని రిలే, ఫిల్టరు. ఫిల్టరు బండి కింద కుడి వెనక చక్రం దగ్గర ఉంటుంది, బోనెట్ తీస్తే కనబడదు కాబట్టి చాలా బండ్లలో దాన్ని ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోరు.

కీ తిప్పినప్పుడు స్టార్ట్ అవుతోంది, కీ వదలగానే ఆగిపోతోంది.

1.6లో ఎయిర్ మీటర్ తలుపు దగ్గర ఒక చిన్న స్విచ్ ఉంటుంది. ఇంజిన్ గాలి లాగుతుంటేనే పెట్రోలు పంపు నడవాలని ఆ ఏర్పాటు. సెల్ఫ్ కొడుతున్నంతసేపు పంపుకి వేరే దారిలో కరెంటు వస్తుంది, కీ వదిలాక ఈ స్విచ్ మీదే ఆధారం. స్విచ్ పాడైనా, గాలి గొట్టం ఊడి తలుపు కదలకపోయినా, మీరు చెప్పినట్టే అవుతుంది. డయాగ్నోసిస్ బాక్స్‌లో ఎఫ్/పీ, జీఎన్‌డీ రెండూ వైరుతో కలిపి స్టార్ట్ చేయండి. అప్పుడు ఆగకుండా నడిస్తే దోషం ఈ స్విచ్ దారిలోనే ఉంది. పరీక్ష అయ్యాక వైరు తీసేయండి. యాక్సిడెంట్ అయినప్పుడు పంపు ఆపడానికి ఉన్న రక్షణ అది, దాన్ని దాటవేసి రోడ్డు మీద తిరగకూడదు.

వేడెక్కితే ఆగుతోంది, ఇరవై నిమిషాలు చల్లారితే మళ్లీ బాగానే నడుస్తోంది.

ఎలక్ట్రానిక్ భాగాల తీరే అది, వేడికి లోపల అతుకు విడిపోతుంది, చల్లారితే మళ్లీ కలుస్తుంది. మెయిన్ రిలే, ఇగ్నైటర్, క్యామ్ యాంగిల్ సెన్సర్, కాయిల్. ఆగిన వెంటనే, ఇంకా వేడిగా ఉండగానే పరీక్షించాలి, టో చేసి షాపుకు చేర్చేలోపు అన్నీ బుద్ధిగా పనిచేస్తాయి. ఒక పాత ప్లగ్ వెంట ఉంచుకుని, ఆగినప్పుడు ప్లగ్ వైరు దానికి తగిలించి, ప్లగ్ లోహపు భాగాన్ని ఇంజిన్‌కి ఆనించి, ఇన్సులేటెడ్ కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని సెల్ఫ్ కొట్టించండి, స్పార్క్ ఉందో లేదో అక్కడికక్కడే తెలుస్తుంది. పెట్రోలు వాసన వస్తుంటే మాత్రం ఆ పరీక్ష వద్దు.

స్కానర్ పెట్టి చూడొచ్చా?

1996, 1997 బండ్లకు పెట్టొచ్చు. అంతకు ముందు వాటికి మామూలు స్కానర్ పనిచేయదు, అవసరమూ లేదు. టీఈఎన్, జీఎన్‌డీ వైరుతో కలిపి, స్టార్ట్ చేయకుండా కీ ఆన్ చేస్తే చెక్ ఇంజిన్ లైటు మినుకుమంటుంది. పొడుగు మెరుపులు పదులు, పొట్టి మెరుపులు ఒకట్లు. 2, 3 వస్తే క్యామ్ యాంగిల్ సెన్సర్ వైపు, 8 అయితే ఎయిర్ మీటర్, 9 అయితే కూలెంట్ వేడి సెన్సర్, 34 అయితే ఐడిల్ వాల్వు. కోడ్ వచ్చిందంటే ఆ పార్టే పోయిందని కాదు, ఆ దారిలో వైరు తెగినా, కనెక్టర్‌కి చిలుం పట్టినా అదే కోడ్ వస్తుంది. ముందు కనెక్టర్ తీసి, శుభ్రం చేసి, మళ్లీ పెట్టి చూడండి.

వాన పడితే మిస్సింగ్ కొడుతోంది.

ప్లగ్ వైర్లు. వాటి తర్వాతే ఇంకేదైనా. రాత్రి చీకట్లో బోనెట్ తెరిచి వైర్ల మీద నీళ్లు తుంపరగా చల్లి చూడండి, నీలం రంగు నిప్పురవ్వలు పాకుతూ కనిపిస్తాయి. చేతులు దూరంగా పెట్టుకోండి. ప్లగ్గులు మార్చేటప్పుడు గ్యాప్ 1.1 మిల్లీమీటర్.

బ్యాటరీ బలహీనంగా ఉంటే నడుస్తున్న బండి ఆగుతుందా?

ఆగుతుంది. ఐడ్లింగ్‌లో ఉండగా ఫ్యాన్ తిరగ్గానే, లైట్లు పైకి లేవగానే ఇంజిన్ కుంగుతోందంటే వోల్టేజ్ కొలవండి. నడుస్తున్నప్పుడు 14కి అటూ ఇటూ ఉండాలి, 13 లోపు ఉంటే డైనమో వైపు చూడాలి. ఈ బండిలో బ్యాటరీ డిక్కీలో కుడిపక్కన ఉంటుంది, సీల్డ్ రకం, గ్యాస్ బయటికి పోవడానికి సన్నని గొట్టం ఉంటుంది. మామూలు బ్యాటరీ తెచ్చి గొట్టం లేకుండా పెడితే డిక్కీ అడుగు తుప్పుపడుతుంది. ఎర్తింగ్ వైర్ల కొసలు కూడా విప్పి, గీకి, బిగించండి. ఖర్చు లేని పని, ఫలితం పెద్దది.

పైనుంచి టిక్ టిక్ మని శబ్దం. ఇంజిన్ పోయినట్టేనా?

కంగారుపడొద్దు, ఈ తరం మియాటాలు చాలావరకు ఆ శబ్దం చేస్తాయి. వీటిలో ట్యాపెట్లు (క్యామ్‌కీ వాల్వుకీ మధ్య ఉండే భాగాలు) ఆయిల్ ఒత్తిడితో తమంతట తామే గ్యాప్ సర్దుకునే రకం. చాలాసేపు నిలబెట్టిన బండిలో వాటిలోంచి ఆయిల్ దిగిపోతుంది, స్టార్ట్ చేశాక మళ్లీ నిండేదాకా టిక్ టిక్ అంటాయి. కొన్ని సెకన్ల నుంచి కొన్ని నిమిషాల్లో పోతే మరిచిపోండి.

వేడెక్కాక కూడా పోకపోతే ముందు డిప్‌స్టిక్ చూడండి. పాతబడిన ఇంజిన్ ఆయిల్ తాగుతుంది, లెవెల్ తగ్గితే మొదట అరిచేది ట్యాపెట్లే. తర్వాత ఆయిల్, మంచి ఫిల్టరు మార్చి కొన్ని రోజులు నడపండి. అప్పటికీ తగ్గకపోతే వాటిని విప్పి కడగడమో మార్చడమో చేయాలి. ఆ శబ్దంతో ఏళ్ల తరబడి నడిచిన బండ్లున్నాయి.

అయితే ఒక మోసం ఉంది. సైలెన్సర్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ లీకైనా సరిగ్గా ఇలాంటి టిక్ టిక్కే వస్తుంది. తేడా ఎలా తెలుస్తుందంటే, లీకు అయితే చలిలో స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ గట్టిగా నొక్కినప్పుడు పెద్దదవుతుంది, ఇనుము వేడికి సాగాక తగ్గుతుంది, పక్కన నల్లటి మసి చార కూడా కనిపిస్తుంది. దీన్ని మాత్రం వదిలేయకండి. ఆ పొగ క్యాబిన్‌లోకి వస్తుంది, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. మూసిన గ్యారేజీలో ఇంజిన్ నడిపి శబ్దాలు వినే పని ఎవరూ, ఎప్పుడూ చేయొద్దు.

శబ్దం కిందనుంచి, డబ్ డబ్ మని బరువుగా వస్తోంది.

ఇంజిన్ ఆపేయండి. ఇంటిదాకా మెల్లగా పోతాను అనుకోవద్దు. ట్యాపెట్ శబ్దం సన్నగా, పైనుంచి, కుట్టుమిషన్ లాగా వస్తుంది. కనెక్టింగ్ రాడ్ బేరింగ్ శబ్దం లోతుగా, కడుపులోంచి వచ్చినట్టు ఉంటుంది, యాక్సిలరేటర్ నొక్కి వదిలే క్షణంలో మరీ స్పష్టంగా వినిపిస్తుంది. ఒక్కో ప్లగ్ వైరు తీసి చూసినప్పుడు ఏ సిలిండర్ దగ్గర శబ్దం మారితే అక్కడే దోషం, కానీ ఆ పరీక్ష మెకానిక్‌కి వదిలేయండి. ఆయిల్ తీయించి అందులో మెరిసే లోహపు పొడి ఉందేమో చూడమనండి. ఉంటే ఇంజిన్ విప్పాలి లేదా మంచి పాత ఇంజిన్ తెచ్చి పెట్టాలి. లెక్క వేస్తే చాలాసార్లు రెండోదే చవక.

ఆయిల్ ప్రెషర్ ముల్లు ఐడ్లింగ్‌లో బాగా కిందికి పడుతోంది. టెన్షన్‌గా ఉంది.

1994 వరకు ఉన్నది నిజమైన గేజ్, ఆర్‌పీఎంతో పాటే ముల్లు పైకీ కిందికీ ఆడుతుంది. వేడి ఇంజిన్ ఐడ్లింగ్‌లో తగ్గడం సహజం, రేస్ చేస్తే లేవాలి. 1995 నుంచి గేజ్ పేరుకే గేజ్, లోపల ఉన్నది స్విచ్ లాంటిది, ప్రెషర్ కాస్త ఉంటే చాలు ముల్లు మధ్యలో నిలబడుతుంది. అంటే తర్వాతి మోడల్ వాళ్లు ముల్లు నిబ్బరంగా ఉందని నిశ్చింతగా ఉండకూడదు. అనుమానముంటే షాపులో మెకానికల్ గేజ్ పెట్టించి కొలిపించండి.

స్టార్ట్ చేయగానే కీచుమంటోంది, తర్వాత తగ్గుతోంది.

బెల్టు వదులైంది లేదా గట్టిపడింది. బిగించినా పోకపోతే బెల్టు మార్చండి. కీచు కాకుండా గరగరమంటుంటే డైనమో బేరింగ్ లేదా వాటర్ పంపు.

ఎత్తు ఎక్కుతుంటే, టాప్ గేరులో యాక్సిలరేటర్ నొక్కితే కిటకిట శబ్దం.

పెట్రోలు వేళకాని వేళ మండుతోంది. మాజ్డా పెట్టిన టైమింగ్, అంటే స్పార్క్ పడే వేళ, 10 డిగ్రీలు. చురుగ్గా ఉంటుందని చాలామంది దాన్ని 14 వరకు ముందుకు జరుపుతారు, ఆ బండికి 87 ఆక్టేన్ పెట్రోలు పోస్తే ఇలా అరవొచ్చు. టైమింగ్ లైట్‌తో చూసి 10కి తెచ్చుకోండి, లేదా ఎక్కువ ఆక్టేన్ పోయండి. చూసేటప్పుడు టీఈఎన్, జీఎన్‌డీ కలిపి ఉండాలి.

ఒక ఆర్‌పీఎం దగ్గర మాత్రమే గలగలమంటోంది.

సైలెన్సర్ పైన వేడి తగలకుండా పెట్టిన రేకు, దాని బోల్టు తుప్పుపట్టి ఊడి ఉంటుంది. బండి చల్లారాక చేత్తో తట్టి చూడండి, అదే శబ్దం వస్తుంది.

క్లచ్ నొక్కితే శబ్దం మారుతోంది.

నొక్కినప్పుడు వస్తే రిలీజ్ బేరింగ్. న్యూట్రల్‌లో క్లచ్ వదిలినప్పుడు వచ్చి, నొక్కితే పోతే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్. రెండింటికీ గేర్‌బాక్స్ దింపాలి కాబట్టి, దింపినప్పుడే క్లచ్ మొత్తం వేయించుకోండి.

1990 బండి కొనొద్దు అంటున్నారు. నిజమా?

నిజం కాదు, కానీ చూసి కొనాలి. 1990 నుంచి 1991 మధ్య వరకు వచ్చిన 1.6 ఇంజిన్లలో క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) ముందు కొస పొట్టిగా ఉండేది. టైమింగ్ బెల్టు మార్చినప్పుడు ముందు బోల్టు సరిగ్గా బిగించకపోతే పుల్లీ కొద్దికొద్దిగా కదిలి, దాన్ని పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క (దీన్నీ కీ అంటారు) కూర్చునే గాడిని తినేస్తుంది. ఇంజిన్ టైమింగ్ చెదిరి పికప్ పోతుంది, ఐడిల్ కుదరదు, ఎన్ని పార్టులు మార్చినా మనిషికి అర్థం కాదు.

చూడటం సులభం. పుల్లీ ముందు భాగంలో గాడులు లెక్కపెట్టండి. నాలుగుంటే పొట్టి కొస, ఎనిమిదుంటే పొడుగు కొస. నాలుగైతే ఇంజిన్ నడుపుతూ టార్చి వేసి పుల్లీని పక్కనుంచి చూడండి, వదులు బట్టలు, జుట్టు దూరంగా పెట్టి. అంచు ఒకే గీతలో తిరగాలి. అటూ ఇటూ ఊగుతుంటే, ముఖ్యంగా ఈ మధ్యే బెల్టు మార్పించిన తర్వాత మొదలైతే, నడపడం ఆపండి. తొందరగా పట్టుకుంటే గాడిని గట్టి లోహపు జిగురుతో నింపి బాగుచేసే పద్ధతి ఉంది, ఆలస్యమైతే క్రాంక్ మార్చాలి. బెల్టు పని చేయించిన ప్రతిసారీ కొత్త బోల్టు, టార్క్ రెంచ్, ఈ రెండింటి విషయంలో పట్టుబట్టండి.

టైమింగ్ బెల్టు తెగితే వాల్వులు వంగిపోతాయా?

ఈ 1.6, 1.8 ఇంజిన్లలో వంగవు, పిస్టన్లు వాల్వులకు తగలవు. బండి మాత్రం ఉన్నచోటే ఆగుతుంది. 60,000 మైళ్లకు మార్చాలి. పాత రశీదు లేకపోతే మార్చలేదనే లెక్క. వాటర్ పంపును నడిపేది ఆ బెల్టు కాదు కానీ, అంతా విప్పి ఉన్నప్పుడే పంపు కూడా వేయిస్తే కూలీ కలిసొస్తుంది.

షాపుకు తీసుకెళ్తే ఏం చెప్పాలి?

ఫలానా పార్టు మార్చండి అని చెప్పొద్దు. మీరు చెబితే వాళ్లు మారుస్తారు, ఆగడం ఆగకపోతే బాధ్యత మీదవుతుంది. మీరు రాసుకున్నది చదివి వినిపించండి: వేడిగా ఉండగా, మూడో గేరులో, ఆర్‌పీఎం ముల్లు సున్నాకి పడి ఆగింది, పావుగంటకు స్టార్ట్ అయింది. శబ్దమైతే ఫోన్‌లో రికార్డు చేయండి, ఒకటి బోనెట్ తెరిచి, ఒకటి బండి పక్కన కింద పెట్టి. రోగ నిర్ధారణకు ఒక గంట కూలీ ఇస్తానని ముందే చెప్పండి, తేలాక ఫోన్ చేయండి, నేను సరే అన్నాకే పార్టు కొనండి అని రాతలో పెట్టించుకోండి. కంప్యూటర్ కోడ్ లేకపోతే చేతులెత్తేసే కుర్రాళ్ల కంటే పాత జపాన్ బండ్ల మీద చేయి తిరిగిన పెద్దాయన దొరికితే వదులుకోకండి, గంటకు పదో ఇరవయ్యో డాలర్లు ఎక్కువైనా సరే.